ఎవరి ఎక్స్ నిద్రపోయింది

కణాల ల్యాబ్, మూడో అంతస్తు
ఫిబ్రవరి 3

వదినకి,

ఫోన్లో నా నంబరు నువ్వు బ్లాక్ చేసి ఐదేళ్ళు దాటింది. అందుకే ఉత్తరం. కవరు మీద నా దస్తూరీ చూసి కూడా చించెయ్యకుండా ఇంతవరకు చదివావంటే అదే పదివేలు.

బొంగరం ఎలా ఉంది? ఈ నెలతో పద్నాలుగో ఏడు వస్తుంది కదూ. నడక వచ్చిన కొత్తలో హాలు మధ్య గిరగిరా తిరిగి తిరిగి కూలబడి నవ్వేది. ఆ పేరు పెట్టింది నేనే. తర్వాత మాట, చేతుల వాడకం, నడక ఒక్కొక్కటే దాన్ని వదిలిపోవడం నేనూ నీ పక్కనే ఉండి చూశాను. ఆ సంగతి నువ్వు మరిచిపోయినా నేను మరిచిపోలేదు.

నీ దగ్గర ఒక చిన్న సాయం కోసం రాస్తున్నాను. ఆరేళ్ళ కిందట దాని చేతి పైభాగం నుంచి చర్మం చిన్న ముక్క తీసుకున్నాం, గుర్తుందా? ఆ ముక్కలోని కణాలతోనే మా ల్యాబ్ ఇంత దూరం వచ్చింది. పోయిన ఏడాది పేపర్లో పడ్డ వార్త చూసే ఉంటావు. ఇప్పుడు పని ఇంకో మెట్టు ఎక్కాలంటే మళ్ళీ ఒక్కసారి అంతే చర్మం కావాలి. చిన్న సూది, పావుగంట పని. చిన్న మచ్చ కూడా మిగలదు.

అన్నయ్య ఒప్పుకున్నాడు. కానీ పిల్ల నీ దగ్గర ఉంటోంది కాబట్టి నీ సంతకం కూడా ఉండాలంటున్నారు. ఫారం జత చేశాను. ఎక్కడ పెట్టాలో పెన్సిలుతో గుర్తు పెట్టాను.

నీ ఆడపడుచు


ప్రెస్సు, ప్రూఫుల గది
ఫిబ్రవరి 11

డాక్టరు గారికి,

మీ ఉత్తరం అందింది. పాఠ్యపుస్తకాల్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. ఏ కాగితమైనా రెండుసార్లు చదవందే పక్కన పెట్టను. మీది మూడుసార్లు చదివాను. ఒక్క పేరాలో 'చిన్న' అనే మాట నాలుగుసార్లు పడింది. నిజంగా అంత చిన్నదైతే అన్నిసార్లు చెప్పక్కర్లేదు.

మచ్చ మిగలదన్నారు. మిగిలింది. శనగగింజంత, తెల్లగా. స్నానం చేయించేటప్పుడు రోజూ చూస్తాను. తెల్లకోటు మనిషి ఎదురుపడితే నా కూతురు ఇప్పటికీ ఆ చెయ్యిని ఒంటికి అదిమిపెట్టుకుంటుంది. మీ అమ్మగారు దాన్ని నోరులేని పిల్ల అంటారు. నోరు లేదేమో గానీ జ్ఞాపకం ఉంది.

పేపర్లో వార్త చూశాను. 'నిద్రపోయిన ఎక్స్ మేలుకుంది' అని నాలుగు కాలాల శీర్షిక, కింద కణాలు పెంచే డిష్ పట్టుకుని నవ్వుతున్న మీరు. ఆ డిష్‌లో ఉన్నది నా కూతురి కణాలు. ఆ కబురు నాకు పేపరబ్బాయి తెచ్చి పడెయ్యాలా?

నా ప్రశ్న ఒక్కటే. మేలుకుందన్నారు. మేలుకున్నాక మళ్ళీ చర్మం దేనికి? ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అడుగుతున్నాను. జవాబు కాగితం మీద రాయండి. నోటితో అన్న మాటని తర్వాత అనలేదంటారు. అది మీ ఇంట్లో ఉండగా బాగా నేర్చుకున్నాను.

ఫారం తిప్పి పంపుతున్నాను. మూడో పంక్తిలో 'అనుమతి'కి దీర్ఘం పడింది, దిద్దాను. సంతకం పెట్టలేదు.

మరొకటి. మీ అన్నయ్య ఇల్లు వదిలిన రోజు ఆయన సూట్‌కేసు మోసుకెళ్ళి కార్లో పెట్టిన చేతులతోనే సూది కూడా పడతారా, లేక ఆ పనికి వేరే ఎవరైనా ఉన్నారా?

బొంగరం తల్లి


కణాల ల్యాబ్, మూడో అంతస్తు
ఫిబ్రవరి 20

వదినా,

నన్ను మీరు, గారు అని పిలిచి ఏం సాధిస్తావు? సరే, అడిగావు కాబట్టి చెప్తాను. నువ్వు తప్పులు పట్టేలోపు నేనే పట్టిస్తాను.

ఆడవాళ్ళ ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రెండూ పనిచేస్తే మోతాదు ఎక్కువైపోతుంది. అందుకని కడుపులో పడ్డ తొలి రోజుల్లోనే ప్రతి కణం ఒకదాన్ని నిద్రపుచ్చుతుంది. ఏది నిద్రపోవాలన్నది బొమ్మాబొరుసే. ఒకసారి తేలాక ఆ కణం నుంచి పుట్టేవన్నీ అదే పద్ధతిలో ఉంటాయి. బొంగరానికి ఒక ఎక్స్‌లో లోపం ఉంది. లోపమున్నది నిద్రపోయిన కణాలు బాగానే ఉన్నాయి. మంచిది నిద్రపోయిన కణాలతోనే దాని కష్టమంతా. కానీ ఆ కణాల్లోనూ మంచిది లేకపోలేదు, పడుకుని ఉందంతే. దాన్ని లేపగలిగితే చాలు. పదేళ్ళుగా నా పని అదే.

పుట్టబోయే బిడ్డలో తొంగిచూడలేం. ఎలుక కణాల్లో ఈ వ్యవహారం వేరే రకంగా నడుస్తుంది. అందుకే మనిషి కణాలు కావాలి. బొంగరం చర్మ కణాల్ని వెనక్కి నడిపించి మూలకణాలుగా మార్చాం. ఒక్కో గుంపు ఒక్కో కణం నుంచి వచ్చింది కాబట్టి డిష్‌లు రెండు రకాలు. ఒకే పిల్ల, అన్నీ ఒకటే, మేలుకున్న ఎక్స్ ఒక్కటే తేడా. ఇంతకంటే మంచి పోలిక దొరకదు. వాటితోనే నరాల కణాల్నీ తయారుచేశాం. నువ్వు ఒక్కసారి వచ్చి చూడు వదినా. నీ ఎక్స్ మేలుకున్న డిష్‌లో అవి వేళ్ళు చాపినట్టు కొమ్మలు వేసి ఎంత బాగా పెరిగాయో. రెండో డిష్‌లో కురచగా, ముడుచుకుపోయి ఉంటాయి.

ఆ ముడుచుకున్న వాటి మీద ఒక మందు పెట్టాం. కొన్ని వారాలకి పడుకున్న ఎక్స్ పలికింది, అంటే పని మొదలుపెట్టింది. పేపర్లో పడింది అదే. పోయిన అక్టోబరులో మా స్టూడెంటు ఒకమ్మాయి మందు పెట్టని డిష్ తీసి చూసింది. అందులోనూ పలుకుతోంది. నిద్రలో ఉన్న ఎక్స్‌ని ఒక పదార్థం చుట్టుకుని ఉంటుంది, రంగు వేస్తే చిన్న మబ్బులా కనిపిస్తుంది. మా పాత డిష్‌లలో ఆ మబ్బే లేదు. ఏళ్ళ తరబడి బయట పెంచితే ఈ నిద్ర దానంతటదే చెడుతుంది. తొలి రోజుల్లో గడ్డకట్టించి దాచిన కణాల గొట్టాలన్నీ వాడేశాం. అంటే మందు లేపిందో, కణాలు పాతబడి లేచాయో నాకు తెలీదు. తాజా కణాలుంటేనే తేలుతుంది.

ఈ మాట ఇంకా మా డైరెక్టరుకి కూడా చెప్పలేదు. నీకు చెప్పాను. ఇప్పుడైనా సంతకం పెట్టు.

నీ ఆడపడుచు


ఇల్లు, వంటగది బల్ల
ఫిబ్రవరి 27

మీరు, గారు ఇక్కడితో సరి.

నీ ఉత్తరంలో సైన్సు నాకు బాగానే అర్థమైంది. పదో తరగతి జీవశాస్త్రం ప్రూఫులు ఏటా చూసేది నేనే. మందు సంగతి కూడా చదివాను. దాని గురించి తర్వాత.

మూడో పేరాలో ఒక వాక్యం ఉంది. నువ్వు రాసింది రాసినట్టు మళ్ళీ రాస్తున్నాను: 'నీ ఎక్స్ మేలుకున్న డిష్‌లో అవి వేళ్ళు చాపినట్టు కొమ్మలు వేసి ఎంత బాగా పెరిగాయో.'

నీ ఎక్స్ అంటే నాది. నా నుంచి బొంగరానికి వెళ్ళింది. అది మేలుకున్న కణాలు బాగున్నాయి. అయితే లోపం ఎవరి ఎక్స్‌లో ఉంది?

ఆ రోజు చర్మం ఒక్కటే తియ్యలేదు. నా రక్తం, మీ అన్నయ్య రక్తం కూడా తీశారు. ఎందుకని అడిగితే 'ఊరికే, పోల్చి చూడటానికి' అన్నావు. అప్పుడిచ్చిన ఫారం నకలు ఇప్పుడు నా ఎదురుగా ఉంది. ఏడో అంశం: 'కుటుంబానికి సంబంధించిన ఫలితాలు తెలిస్తే నాకు తెలియజేయాలి.' పక్కన టిక్కు నాది. కింద పరిశోధకురాలి సంతకం నీది.

మీ అమ్మగారు పదకొండేళ్ళుగా అంటున్న మాట నీకు కంఠతా వచ్చే ఉంటుంది. 'వాళ్ళ రక్తంలోనే ఉంది, మన పిల్లాడి గొంతు కోశారు.' నువ్వు ఆ గదిలో ఉండగా ఎన్నిసార్లు అంది? నువ్వు పళ్ళెం వంక చూస్తూ తినేదానివి.

నీకు తెలుసా, తెలీదా? ఒక్క మాట చాలు.


కణాల ల్యాబ్, మూడో అంతస్తు
మార్చి 6

వదినా,

నువ్వు అనవసరంగా ఒక వాక్యాన్ని పట్టుకుని లాగుతున్నావు. ల్యాబ్‌లో తొందర తొందరగా రాసిన ఉత్తరం అది. 'నీ ఎక్స్' అని వాడుకలో అనేశాను, తల్లివి కదా అని. డిష్‌లకి మేం పెట్టుకునే గుర్తులు వేరే ఉంటాయి, వాటి వెనక చాలా లెక్కలుంటాయి. ఇవన్నీ ఉత్తరంలో తేలేవి కావు. ఫారం మళ్ళీ పంపుతున్నాను, దీర్ఘం తీసేయించాను.

నీ ఆడపడుచు


ఇల్లు
మార్చి 10

అబద్ధం. మళ్ళీ రాయి.


అద్దె గది, రెండో అంతస్తు
మార్చి 30

వదినా,

ఇరవై రోజులు పట్టింది. ల్యాబ్ కాగితం మీద రాయడానికి సిగ్గేసి ఇంటికొచ్చి రాస్తున్నాను.

తెలుసు. లోపం అన్నయ్య నుంచి వచ్చిన ఎక్స్‌లో ఉంది. నీ ఎక్స్‌లో ఏ లోపమూ లేదు. చర్మం తీసుకున్న నాలుగో నెలకే నాకు తెలుసు. మీ ఇద్దరి రక్తంతో పోల్చి రెండుసార్లు చూశాను. అనుమానానికి తావు లేదు.

అలాగని అన్నయ్యలోనూ ఆ జబ్బు లేదు, మా వంశంలోనూ లేదు. బీజకణం తయారయ్యేటప్పుడు ఒక్క చోట ఒక్క అక్షరం తప్పు పడింది. మీ ప్రెస్సు భాషలో చెప్పాలంటే అచ్చుతప్పు. అది ఎవరికైనా పడొచ్చు. ఆపేవాళ్ళూ లేరు, చేసినవాళ్ళూ లేరు. మీ వైపు ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. మీ చెల్లెలికి పుట్టబోయే పిల్లలకి కూడా ఏ భయమూ అక్కర్లేదు.

ఎందుకు దాచానంటావు. అది అమ్మకి గుండె ఆపరేషన్ అయిన నెల. ఇన్నాళ్ళూ ఆ కారణమే నాకు నేను చెప్పుకున్నాను. నిన్నటిదాకా నేనూ నమ్మాను. నిజం అది కాదు. ఆ ఫారం మీద సంరక్షకుడిగా మొదటి సంతకం అన్నయ్యది. లోపం తన వైపు నుంచి వచ్చిందని తెలిస్తే బెంబేలెత్తి కణాలన్నీ వెనక్కి ఇచ్చెయ్యమంటాడని భయపడ్డాను. అప్పటికి ఆ డిష్‌లు తప్ప నా చేతిలో ఇంకేమీ లేవు. నీ పరువు ఒకవైపు, నా డిష్‌లు ఒకవైపు. నేను డిష్‌లు ఎంచుకున్నాను.

అన్నయ్య ఇల్లు వదిలిన రోజు సూట్‌కేసు మోసింది నేనే. మెట్లు దిగుతున్నంతసేపూ చెప్పేద్దామనే అనుకున్నాను. డిక్కీ మూసేశాక ఇంక ఎలా చెప్పాలో తెలీలేదు.

నువ్వు ఏం చెయ్యమంటే అది చేస్తాను.


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 2

పుట్టబోయే పిల్లలా?

నా చెల్లెలికి నలభై ఒకటి. పెళ్ళయిన మూడో ఏట కడుపుతో ఉన్నప్పుడు ఆడపిల్ల అని తెలిసింది. మీ అమ్మగారు దానికి స్వయంగా ఫోన్ చేసి 'మీ అక్క చేసిన పొరపాటు నువ్వు చెయ్యకు' అన్నారు. అది వారం రోజులు అన్నం ముట్టలేదు. ఆ తర్వాత ఆస్పత్రికి వెళ్ళొచ్చింది. నాలుగేళ్ళ కిందటి మాట ఇది. మళ్ళీ బిడ్డ ఊసెత్తలేదు. వాళ్ళ పడకగదికి పాప కోసం వేసిన గులాబీ రంగు ఇప్పటికీ మార్చలేదు.

అప్పటికి నీకు తెలిసి రెండేళ్ళు.

అచ్చుతప్పు అని మహా తేలిగ్గా రాశావు. నా ఉద్యోగంలో అచ్చుతప్పు పడటం నేరం కాదు. కనిపించిన తప్పుని వదిలేసి పుస్తకం బైండింగుకి పంపితే ఆ రోజే ఉద్యోగం ఊడుతుంది.

నువ్వేదో ఏడుస్తూ రాశావని తెలుస్తూనే ఉంది. రెండు చోట్ల సిరా పాకింది. దాంతో నాకేం పని లేదు.

ఇవీ నేను చెప్పేవి. ఒకటి, మీ అమ్మగారికీ మీ అన్నయ్యకీ ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పు. రెండు, అదే విషయం ల్యాబ్ ముద్ర వేసి నా చెల్లెలికి రాయి. సాకులేం చేర్చకు, అమ్మ గుండె ఆపరేషన్ గురించి అసలే రాయకు. మూడు, మందు గురించి మీ డైరెక్టరుకి చెప్పు. ఆ పేపరు కటింగు ఏడాదిగా నా సొరుగులో ఉంది. నిన్ను ఎంత అసహ్యించుకున్నా దాన్ని చించలేకపోయాను. నాలా ఇంకెంతమంది దాచుకున్నారో.

చర్మం మాట ఎత్తకు.


అద్దె గది, రెండో అంతస్తు
ఏప్రిల్ 21

వదినా,

మూడూ చేశాను. డైరెక్టరు వారం రోజులు నాతో మాట్లాడలేదు, తర్వాత నన్ను ఆ పని నడిపే బాధ్యత నుంచి తప్పించారు. ల్యాబ్‌లో ఉండనిచ్చారు. పేపరుకి సవరణ పంపాం. మొన్న లోపలి పేజీలో నాలుగు పంక్తులు వేశారు. కటింగు పెడుతున్నాను.

మీ చెల్లెలికి ఉత్తరం రిజిస్టరు పోస్టులో వెళ్ళింది. తీసుకున్నట్టు సంతకం వచ్చింది. జవాబు రాలేదు.

ఇక ఇంటి సంగతి. ఆదివారం పొద్దున వెళ్ళాను. అమ్మ టేబుల్ దగ్గర కూరగాయలు తరుగుతోంది, అన్నయ్య ఇస్త్రీ చేసుకుంటున్నాడు. కూర్చుని, కాగితాలు ముందు పెట్టి చెప్పాను. అమ్మ కత్తి ఆపలేదు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను? అదేనా?"

"ఎవరూ కాదమ్మా. ఆరేళ్ళ కిందట చెప్పాల్సిన మాట."

"మీ మిషన్లు తప్పు చూపించకూడదా ఏం? నా కొడుకు నిక్షేపంలా ఉన్నాడు."

"వదినా నిక్షేపంలానే ఉంది కదా. అయినా ఎన్ని మాటలన్నావు?"

"ఇంత చదువు చదివించింది ఇంట్లోవాళ్ళ మీద కాగితాలు తేవడానికా" అని లేచి వెళ్ళి టీవీ సౌండు పెంచింది. నాతో మళ్ళీ మాట్లాడలేదు. ఇవాళ్టికీ ఫోన్ ఎత్తడం లేదు.

అన్నయ్య ఇస్త్రీపెట్టెని చొక్కా మీదే వదిలేసి నా వైపు తిరిగాడు. "అంటే... నేనా?" అన్నాడు.

"నీ తప్పు కాదన్నయ్యా. ఎవరి తప్పూ కాదు."

"ఎవరి తప్పూ కాకపోతే తన తప్పని ఇన్నేళ్ళు ఎందుకన్నాం?"

"నువ్వెప్పుడూ అనలేదు. విని ఊరుకున్నావంతే."

"అదే" అన్నాడు. "నువ్వూ, నేనూ."

చొక్కా కాలిన వాసన వచ్చేదాకా ఎవరం కదల్లేదు.

ఇంకొకటి చెప్పాలి, అడగకపోయినా. ఎక్స్ ఎలా నిద్రపోతుంది, ఏ మందుకి లేస్తుంది అన్నది తేల్చుకోడానికి జబ్బున్న పిల్లే కానక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న ఏ ఆడమనిషి కణాలైనా సరిపోతాయి. రెండు ఎక్స్‌లనీ విడివిడిగా గుర్తుపట్టే తేడాలు అందరిలోనూ ఉంటాయి. మందు లేపుతోందని తేలితే అప్పుడు బొంగరం కణాలు కావాలి. నేను నేరుగా దాని దగ్గరికే వచ్చాను, ఎందుకంటే పెద్ద పేరు అక్కడే వస్తుంది. ఇదీ తెలిసే దాచాను. ఇప్పుడు దాచింది ఇంకేం మిగల్లేదు.

నీ ఆడపడుచు


ప్రెస్సు, ప్రూఫుల గది
మే 15

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. కావాలనే ఆలస్యం చేశాను. ఎదురుచూడటం ఎలా ఉంటుందో నీకూ తెలియాలి.

మీ అన్నయ్య వచ్చాడు. గుమ్మంలో నిలబడి "లోపలికి రానా?" అన్నాడు.

"బొంగరాన్ని చూడటానికైతే రా. నాకు చెప్పడానికైతే వద్దు" అన్నాను.

వచ్చి దాని కుర్చీ పక్కన కింద కూర్చున్నాడు. కాసేపటికి ఏడుపు మొదలుపెట్టాడు. అది వింతగా చూసింది. నేను ప్రూఫులు తెరిచాను. ఆయన ఏడుపు తీర్చడం నా ఉద్యోగం కాదు. ఇప్పుడు మంగళవారం, శుక్రవారం వచ్చి దానికి తినిపించి వెళ్తున్నాడు. దానికి మింగుడు పడటం కష్టం, గంట పడుతుంది. ఆ గంట నేను కాళ్ళు చాపుకుని పడుకుంటున్నాను. తిరిగొస్తానని ఆయన అడగలేదు, రమ్మని నేను అనలేదు.

నా చెల్లెలు ఫోన్ చేసింది. ముద్ర వేసిన నీ కాగితం చదివిందట. "ఇప్పుడెందుకు చెప్పారక్కా?" అంది. "తెలియకుండా ఉంటే కనీసం మంచి పనే చేశాననుకునేదాన్ని." నీ దగ్గర జవాబుంటే దాచుకో, దానికి రాయకు.

ఇక చర్మం. ఎత్తద్దన్నాను గానీ ఎత్తుతున్నది నేనే. నువ్వు రాసినదంతా బొంగరానికి చదివి వినిపించాను. అది చూపుతో చెప్తుంది, నువ్వున్నప్పటికి అది ఇంకా నేర్చుకోలేదు. ఒక కార్డు మీద 'సరే', ఒక దాని మీద 'వద్దు'. రెండూ దాని ముందు పట్టుకుని "అత్త మళ్ళీ నీ చర్మం అడుగుతోంది, ఇద్దామా?" అన్నాను. 'వద్దు' వైపు చూసింది. కార్డులు అటూ ఇటూ మార్చాను. మళ్ళీ 'వద్దు' వైపే. టీ తాగొచ్చి మూడోసారి అడిగాను. విసుక్కుంది. పోయినసారి ఈ ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు, నాతో సహా. అందుకని ఈ తప్పు నా పేరు మీద కూడా రాసుకుంటున్నాను.

కాబట్టి దాని చర్మం లేదు. ఇప్పుడే కాదు, అది 'సరే' అనేదాకా.

ఆరోగ్యంగా ఉన్న ఏ ఆడమనిషైనా చాలన్నావు. బుధవారం పదింటికి వస్తాను. చెయ్యి నాది. సూది నువ్వు పట్టకూడదు. నువ్వు ఆ గదిలో ఉండకూడదు. గొట్టం మీద మీ గుర్తులేవో వేసుకోండి గానీ, రిజిస్టరులో మాత్రం నేను చెప్పినట్టు రాయాలి: 'తల్లి. లోపం లేదు.' రాశాక నాకు చూపించాలి.

ఇది నీ కోసం కాదు. ఆ మందు పనిచేస్తుందో లేదో నాకు తెలియాలి.


కణాల ల్యాబ్, మూడో అంతస్తు
డిసెంబరు 9

వదినకి,

మంచి వార్త కాదు. అందుకే ముందు అది చెప్పేస్తాను. మందు పనిచెయ్యలేదు.

నీ కణాలు మూలకణాలుగా మారడానికి నాలుగు నెలలు పట్టింది. ఈసారి ప్రతి వారం కొన్ని గొట్టాలు దాచాం, పాతబడేలోపే చూశాం. ఆరు డిష్‌లకి మందు పెట్టాం, ఆరింటికి పెట్టలేదు. ఏది ఏదో నాకు తెలియకుండా ఆ స్టూడెంటమ్మాయి పేర్లు మార్చి ఇచ్చింది. రంగు వేసి చూశాను. పన్నెండింటిలోనూ ప్రతి కణంలో ఓ మూల మబ్బు ఉంది, గట్టిగా, చెక్కుచెదరకుండా. పడుకున్న ఎక్స్ ఒక్క డిష్‌లో కూడా పలకలేదు. మందు ఉన్నా లేకపోయినా ఒకటే.

పోయిన ఏడాది నేను చూసింది పాతబడ్డ కణాల్ని. ఊళ్ళో అందరికీ అది మందు ఘనతని చెప్పాను.

ఇన్ని నెలల్లో ఉపయోగపడేది ఒకటే దొరికింది. కణాల్ని ఎన్ని వారాల దాకా నమ్మొచ్చో, ఎప్పటినుంచి నిద్ర చెడటం మొదలవుతుందో నీ కణాల మీద తేల్చగలిగాం. ఇంకో మందు పెట్టేవాళ్ళెవరైనా నాలా మోసపోకుండా ఉంటారు.

ఇది ముందు నీకే రాస్తున్నాను. డైరెక్టరుకి రేపు చెప్తాను. ఫొటోలు పన్నెండూ పెట్టాను, నువ్వే చూసుకో, నా మాట మీద నమ్మక్కర్లేదు.

అమ్మ ఇంకా మాట్లాడటం లేదు.

నీ ఆడపడుచు


ఇల్లు, వంటగది బల్ల
డిసెంబరు 16

ఫొటోలు పన్నెండూ భూతద్దం పెట్టి చూశాను. తొమ్మిదోదాంట్లో నువ్వు లెక్కపెట్టని కణం ఒకటి అంచున ఉంది. దాంట్లోనూ మబ్బుంది. నీ లెక్క సరిపోయింది.

సొరుగులో కటింగు తీసి చించేశాను. ఆ పని పూర్తయ్యేదాకా బాగానే ఉన్నాను, తర్వాత బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. ఈ మాట నీకు రాయడం నాకిష్టం లేదు. కానీ మన మధ్య దాచడాలు చాలయ్యాయి.

బొంగరానికి చెప్పాను. "మందు పనిచెయ్యలేదమ్మా" అన్నాను. కార్డులు పట్టుకుంటే దేని వైపూ చూడకుండా నా వంకే చూసింది. శుక్రవారం మీ అన్నయ్య వచ్చినప్పుడు దాని ముందే ఆయనకీ చెప్పాను. ఆయన ఏడవలేదు. గిన్నె కడిగి వెళ్ళాడు.

నిన్ను క్షమించలేదు. ఆ ఉద్దేశం కూడా లేదు. నా చెల్లెలి గోడకి ఆ రంగు ఉన్నంతకాలం అది జరిగే పని కాదు. నువ్వు ఇంటికి రావద్దు, పండుకో పుట్టినరోజుకో పిలుస్తానని కాచుకోవద్దు. కానీ డాక్టర్లు నాతో ముక్తసరిగా మాట్లాడతారు, చుట్టాలు జాలి పడతారు, మీ అన్నయ్య తల దించుకుంటాడు. నా పిల్ల గురించి నాకు చేదు మాట ఉన్నదున్నట్టు రాసిన మనిషివి ఈ ఏడాది మొత్తంలో నువ్వొక్కదానివే. అది నా ఖర్మ.

నా కణాలు గొట్టాల్లో దాచామన్నావు కదా. వాటిని ఖాళీగా ఉంచకు. ఇంకో మందు చూడు, అదీ కాకపోతే మరొకటి. ఫలితం ఏదైనా సరే, నెల నెలా ఒకటో తారీఖుకి ఉత్తరం నా చేతిలో ఉండాలి.

రాకపోతే ల్యాబ్‌కి నేనే వస్తాను.

వదిన